పరదేశంలో విద్యార్థి: హుయాన్ త్సాంగ్ చూసిన చదువు, సంస్కృతి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
1. హుయాన్ త్సాంగ్ భారతదేశానికి ఎందుకు వచ్చాడో, ఎక్కడెక్కడ ఏమి చదివాడో చెప్పగలరు.
2. 7వ శతాబ్దపు విద్యావిధానం గురించి ఆయన నమోదు చేసిన అంశాలను వివరించగలరు.
3. ఒక విదేశీ విద్యార్థి రాసిన దాన్ని చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో గుర్తించగలరు.

1. పరిచయం

హుయాన్ త్సాంగ్ పేరు మీకు కొత్త కాదు. పాఠశాల పుస్తకాల్లో హర్షవర్ధనుని పాఠం వచ్చినప్పుడల్లా ఆ పేరు వస్తుంది. కొన్ని పుస్తకాల్లో యువాన్ చ్వాంగ్ అని కూడా రాస్తారు. ఆ పాఠాల్లో ఆయన 'చైనా యాత్రికుడు'. హర్షుని పాలన బాగుందని, ప్రయాగలో దానాలు జరిగాయని, నలందా గొప్పదని సాక్ష్యం చెప్పి వెళ్లిపోయే మనిషిలా కనిపిస్తాడు.

ఈ పాఠ్యభాగంలో ఆయనను మరో విధంగా పరిశీలిద్దాం. హుయాన్ త్సాంగ్ దేశాలు చూడాలని బయలుదేరలేదు. చదువుకోవాలని బయలుదేరాడు. 16 సంవత్సరాలు పరదేశాల్లో గడిపాడు. అందులో చాలా భాగం ఎవరో ఒక గురువు ముందు కూర్చొని గడిచింది. ఆయన మనకు వదిలి వెళ్లింది ఒక విద్యార్థి చూపు. విద్యార్థి పరాయి దేశంలో ఉన్నప్పుడు ఆ దేశాన్ని ఒక్కదాన్నే చూడడు. దాని పక్కన తన దేశాన్ని పెట్టి చూస్తాడు. తనకు లేనిది అక్కడ కనిపిస్తే దాన్ని ఎక్కువగా మెచ్చుకుంటాడు. తనకు అవసరం లేని దాన్ని చూసి కూడా దాటిపోతాడు. హుయాన్ త్సాంగ్ రచనను చదివేటప్పుడు ఈ విషయం మీ మనసులో ఉండాలి.

2. ప్రయాణానికి కారణం

హుయాన్ త్సాంగ్ సుమారు 602లో చైనాలోని లోయాంగ్ నగరం దగ్గర పుట్టాడు. 13వ ఏట బౌద్ధ విహారంలో చేరాడు. ఆయన యవ్వనంలో సుయి వంశం పతనమై, 618లో తాంగ్ వంశం అధికారంలోకి వచ్చింది. ఆ అల్లకల్లోలంలో ఆయన ఒక నగరం నుంచి మరో నగరానికి వెళ్తూ, పేరున్న పండితులందరి దగ్గరా చదివాడు. ఎంత చదివితే అన్ని సందేహాలు పుట్టుకొచ్చాయి. ఒక గురువు చెప్పింది మరో గురువు కాదన్నాడు. భారతీయ గ్రంథాలకు చైనా భాషలో ఉన్న అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ముఖ్యంగా యోగాచార శాఖకు మూలమైన 'యోగాచారభూమిశాస్త్రం' పూర్తిగా చైనాకు చేరలేదు.

అనువాదంలో తేడా వస్తే మూలం చూడాలి. మూలం భారతదేశంలో ఉంది. ఆయన ప్రయాణానికి కారణం ఇదే. ఆ రోజుల్లో దేశం సరిహద్దు దాటడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆయన అడిగాడు, దొరకలేదు. 629లో (కొందరు చరిత్రకారుల లెక్కలో 627లో) అనుమతి లేకుండానే పడమటి దారి పట్టాడు. అప్పటికి ఆయన వయసు ముప్పైలోపే.

దారిలో తుర్ఫాన్ ప్రాంతంలోని గావోచాంగ్ రాజు ఆయనను తన దగ్గరే గురువుగా ఉంచుకోవాలని పట్టుబట్టాడు. హుయాన్ త్సాంగ్ అన్నం నీళ్లు మానేసి ఆ పట్టును వదిలించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆగి బోధిస్తానని మాట ఇచ్చిన తరువాత, ఆ రాజే దారి ఖర్చులూ, మధ్య ఆసియా రాజులకు పరిచయ లేఖలూ ఇచ్చి పంపాడు. ఆ మాట నిలబెట్టుకునే అవకాశం మాత్రం రాలేదు. 640లో తాంగ్ సైన్యం గావోచాంగ్‌ను ఆక్రమించింది. విద్యార్థి చదువు ముగిసేలోగా అతనికి సాయం చేసిన రాజ్యమే లేకుండా పోయింది.

3. దారి పొడవునా చదువు

హుయాన్ త్సాంగ్ నేరుగా నలందాకు వెళ్లి అక్కడే చదివాడని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. కాశ్మీరులో సుమారు రెండేళ్లు ఉన్నాడు. అక్కడి రాజు గ్రంథాలకు నకళ్లు రాయడానికి 20 మంది లేఖకులను ఏర్పాటు చేశాడు. వృద్ధుడైన ఒక ఆచార్యుడు ఆయన కోసమే పాఠాలు చెప్పాడు. జలంధరలోనూ, గంగా మైదానంలోని మరికొన్ని చోట్లా ఎక్కడ మంచి గురువు ఉన్నాడని తెలిస్తే అక్కడ నెలల తరబడి ఆగాడు.

ఈ తిరుగుడులో ఆయన గమనించిన విద్యావిధానాన్ని తన గ్రంథంలోని రెండవ ప్రకరణంలో నమోదు చేశాడు. దానిలోని ముఖ్యాంశాలు ఇవి:

అక్షరాభ్యాసం: పిల్లలు మొదట అక్షరాలు, వాటి కలయికలు నేర్పే ప్రాథమిక గ్రంథం చదువుతారు. అక్షరాలు 47 అని ఆయన లెక్క చెప్పాడు.

పంచవిద్యలు: ఏడేళ్లు వచ్చాక పిల్లలకు క్రమంగా ఐదు విద్యలు నేర్పుతారు. అవి శబ్దవిద్య (వ్యాకరణం), శిల్పస్థానవిద్య (వృత్తి కళలు, గణన), చికిత్సావిద్య (వైద్యం), హేతువిద్య (తర్కం), అధ్యాత్మవిద్య. ఇందులో వైద్యం, వృత్తి కళలు కూడా ఉండటం మీరు గమనించాలి.

చదువు వయసు: ముప్పై ఏళ్లకు చదువు పరిపక్వమవుతుంది. ఉద్యోగం దొరికిన వెంటనే శిష్యుడు ముందుగా గురువు రుణం తీర్చుకుంటాడు.

సంచార పండితులు: కలిగిన ఇంట పుట్టినా భిక్షాటనతో బతుకుతూ, చదువు కోసం ఎంత దూరమైనా నడిచే వారిని ఆయన ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అటువంటి వారికి పేదరికం సిగ్గుచేటు కాదన్నాడు.

చివరి అంశాన్ని మరోసారి చదవండి. ఆ సంచార పండితుని వర్ణన హుయాన్ త్సాంగ్‌కు కూడా చక్కగా సరిపోతుంది. విద్యార్థి పరాయి దేశంలో తనలాంటి వారిని గుర్తుపట్టి మెచ్చుకోవడం సహజం. అందువల్ల ఆ వర్ణన అబద్ధం కాదు. కాని ఎన్నో విషయాల్లో దాన్నే ఎందుకు ఎంచుకున్నాడో మనకు అర్థమవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
హుయాన్ త్సాంగ్ పేర్కొన్న పంచవిద్యలు ఏవి? వాటిలో నేటి వృత్తివిద్యకు దగ్గరగా ఉన్నవి ఏవి?

4. నలందా ద్వారం లోపల

సుమారు 637లో హుయాన్ త్సాంగ్ నలందా చేరాడు. అప్పటి ప్రధానాచార్యుడు శీలభద్రుడు చాలా వృద్ధుడు. తూర్పు బెంగాల్ ప్రాంతంలోని సమతటంలో పుట్టినవాడు. హుయాన్ త్సాంగ్ ఏ గ్రంథం కోసం ఇల్లు వదిలాడో, ఆ యోగాచారభూమిశాస్త్రాన్ని శీలభద్రుడే ఆయనకు బోధించాడు. ఆ ఒక్క గ్రంథం పాఠం మొదటిసారి పూర్తి కావడానికి 15 నెలలు పట్టింది. హుయాన్ త్సాంగ్ దాన్ని మూడుసార్లు విన్నాడు.

నలందా జీవితం గురించి మనకు తెలిసిన వివరాల్లో కొన్ని ఆయన గ్రంథం నుంచి, మరికొన్ని ఆయన శిష్యుడు హుయిలీ మొదలుపెట్టిన జీవితచరిత్ర నుంచి వచ్చాయి. ప్రతిరోజూ సుమారు 100 పీఠాల నుంచి పాఠాలు జరిగేవి. విద్యార్థులు ఒక్క నిమిషం కూడా తప్పిపోకుండా వెళ్లేవారు. ఆ చైనా అతిథికి ప్రతిరోజూ వక్కలు, జాజికాయలు, కర్పూరంతో పాటు కొలత ప్రకారం 'మహాశాలి' బియ్యం ఇచ్చేవారు. ఆ బియ్యం మగధలోనే పండేది. రాజులకూ, పండితులకూ మాత్రమే పెట్టేవారు.

ఈ భోజనం ఎవరు పెట్టారు? జీవితచరిత్ర దీనికి స్పష్టంగా సమాధానం చెబుతుంది. నలందా పోషణకు రాజు సుమారు 100 గ్రామాల ఆదాయాన్ని కేటాయించాడు. ఆ గ్రామాల్లోని 200 కుటుంబాలు రోజూ బియ్యం, వెన్న, పాలు పంపేవి. అందుకే అక్కడి విద్యార్థులు తిండికీ బట్టకూ వెతుక్కోనక్కర లేకుండా చదువుకోగలిగారు. నలందా కీర్తిని తలచుకునేటప్పుడు ఆ 200 కుటుంబాలను కూడా తలచుకోవాలి. వాటిలో ఒక్కరి పేరు కూడా మనకు మిగల్లేదు.

నలందాలో చేరడం తేలిక కాదు. చర్చల్లో పాల్గొనాలని వచ్చిన వారిని ద్వారం దగ్గరే కఠినమైన ప్రశ్నలు అడిగేవారు. పదిమందిలో ఏడెనిమిది మంది జవాబు చెప్పలేక వెనుదిరిగేవారు. నలందా పేరుకు ఎంత విలువ ఉండేదంటే, అక్కడ చదవకుండానే చదివామని చెప్పుకొని ఊరూరా గౌరవం పొందేవారు కూడా ఉన్నారని హుయాన్ త్సాంగ్ రాశాడు. దొంగ సర్టిఫికెట్ల సమస్య ఈనాటిది కాదన్నమాట.

5. ద్వారం బయట

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. ద్వారం దగ్గర ప్రశ్నకు జవాబు చెప్పలేని వారు వెనక్కి వెళ్లారు. సరే. అసలు ఆ ద్వారం దాకా రాలేని వారి సంగతి ఏమిటి?

పంచవిద్యల గురించి రాసిన ఆ రెండవ ప్రకరణంలోనే హుయాన్ త్సాంగ్ మరో విషయం కూడా రాశాడు. మాంసం కొట్టేవారు, చేపలు పట్టేవారు, తలారులు, పాకీ పని చేసేవారు మొదలైన వారు ఊరి బయట ఉండాలి. వారి ఇళ్లకు గుర్తు ఉంటుంది. ఊళ్లో నడిచేటప్పుడు వారు ఎడమ పక్కగా ఒదిగి నడవాలి. నాలుగు వర్ణాల వ్యవస్థను కూడా ఆయన వివరించాడు. ఈ వివరాలు అంటరానితనం చరిత్రకు చాలా విలువైన ఆధారం.

కాని ఆయన ఈ రెండు విషయాలనూ కలిపి చూడలేదు. ఏడేళ్లకు పంచవిద్యలు మొదలుపెట్టే ఆ 'పిల్లలు' ఎవరి పిల్లలు? ఊరి బయటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు అందులో ఉన్నాడా? ఆయన అడగలేదు. తన పాఠానికి సంబంధించిన ప్రశ్నలు వందల కొద్దీ అడిగిన విద్యార్థి ఈ ప్రశ్న అడగకపోవడం మనం గుర్తుంచుకోవాలి. ఆయనను నిందించడానికి కాదు. ఎంత శ్రద్ధగల పరిశీలకుడైనా తాను ఎవరి మధ్య కూర్చున్నాడో వారి లోకాన్నే పూర్తిగా చూస్తాడు. ఆయన కాలమంతా గడిచింది విహారాల్లోనూ, ఆస్థానాల్లోనూ. అక్కడికి రాని వారు ఆయన గ్రంథంలో కూడా అంచునే నిలబడ్డారు.

6. ఆంధ్రదేశంలో: విద్యార్థే గురువైన చోటు

నలందాలో మొదటి దఫా చదువు తరువాత హుయాన్ త్సాంగ్ తూర్పు తీరం మీదుగా దక్షిణానికి వచ్చాడు. కళింగ, కోసల ప్రాంతాల తరువాత ఆంధ్రదేశంలో ప్రవేశించాడు. ఆయన చెప్పిన రాజధానిని చరిత్రకారులు వేంగిగా, అంటే నేటి ఏలూరు దగ్గరి పెదవేగిగా గుర్తించారు. ఇక్కడి మాట మధ్యదేశపు మాటకు భిన్నమనీ, రాత పద్ధతి మాత్రం చాలా వరకు ఒకటేననీ ఆయన గమనించాడు. 7వ శతాబ్దంలో మన ప్రాంతపు భాష ఉత్తరాది భాషలకు వేరని ఒక బయటి మనిషి చెవి పసిగట్టిందన్నమాట. భాషా చరిత్ర చదివే వారికి ఈ చిన్న వాక్యం ఎంతో ముఖ్యం. వేంగికి కొంత దూరంలోని ఒక కొండ దగ్గర తర్కవేత్త దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించాడన్న స్థానిక కథనాన్ని కూడా ఆయన నమోదు చేశాడు.

అక్కడి నుంచి ధాన్యకటకం వెళ్లాడు. దాన్ని ఎక్కువమంది కృష్ణ ఒడ్డునున్న నేటి అమరావతి, ధరణికోటగా గుర్తిస్తారు. విజయవాడ అని వాదించిన వారు కూడా ఉన్నారు. విహారాలు చాలా ఉన్నా ఎక్కువ భాగం పాడుబడ్డాయనీ, ఇరవై వరకు మాత్రమే నడుస్తున్నాయనీ ఆయన రాశాడు. శాతవాహన, ఇక్ష్వాకు కాలాల్లో వెలిగిన ఆంధ్ర బౌద్ధం అప్పటికే క్షీణదశలో ఉందనడానికి ఇది సాక్ష్యం.

అయితే ఆ క్షీణదశలోనే ఆయనకు ఇక్కడ ఒక గొప్ప అనుభవం దొరికింది. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులు మహాసాంఘిక శాఖ గ్రంథాల్లో నిష్ణాతులు. హుయాన్ త్సాంగ్ కొన్ని నెలలు ధాన్యకటకంలో ఆగి వారి దగ్గర ఆ శాఖ అభిధర్మం చదివాడు. వారు తిరిగి ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. తరువాత ముగ్గురూ కలిసి పుణ్యక్షేత్రాలు చూడటానికి బయలుదేరారు.

నలందాలో ఆయన శిష్యుడు. కృష్ణ ఒడ్డున శిష్యుడూ గురువూ రెండూ ఆయనే. ఇచ్చిపుచ్చుకునే చదువు ఇక్కడ జరిగింది. పెద్ద పేరున్న విద్యాకేంద్రంలో కాకుండా, కూలిపోతున్న విహారాల ఊళ్లో జరిగింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
ధాన్యకటకం గురించి హుయాన్ త్సాంగ్ ఇచ్చిన సమాచారం ఆంధ్రలో బౌద్ధం స్థితిని ఎలా తెలుపుతుంది?

7. 'మ్లేచ్ఛదేశం' వాదం

బుద్ధుడు పుట్టిన నేల తన దేశం కాదన్న బాధ హుయాన్ త్సాంగ్‌ను చాలాకాలం వెంటాడింది. బోధగయలో బోధివృక్షం ముందు కన్నీరు పెట్టుకున్నాడని జీవితచరిత్ర చెబుతుంది. బుద్ధుడున్న కాలంలో తాను ఏ జన్మలో ఎక్కడ తిరుగుతున్నానో, ఇంత ఆలస్యంగా వచ్చానే అని దుఃఖించాడట. కేంద్రానికి దూరంగా పుట్టిన విద్యార్థి మనసు అది.

కొన్ని సంవత్సరాల తరువాత దృశ్యం మారింది. ఆయన ఇంటికి బయలుదేరుతానన్నప్పుడు నలందా పండితులు వద్దన్నారు. చైనా మ్లేచ్ఛదేశమనీ, అందుకే బుద్ధులు అక్కడ పుట్టలేదనీ, ఇక్కడే ఉండిపొమ్మనీ చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. తన దేశంలో చట్టం ఉందనీ, తల్లిదండ్రులూ పిల్లలూ ఒకరిపట్ల ఒకరు బాధ్యతతో ఉంటారనీ, పెద్దలను గౌరవిస్తారనీ, జ్యోతిషం, సంగీతం వంటి విద్యలు వికసించాయనీ సమాధానం చెప్పాడు. ధర్మం అందరికోసమైనప్పుడు, దాన్ని తెలుసుకున్న వాడు తెలియని వారి దగ్గరకు వెళ్లకపోతే ఎలా అని అడిగాడు. శీలభద్రుడు ఆయన మాటను మెచ్చుకొని వెళ్లనిచ్చాడు.

గురువులను గౌరవించాడు. వారి గ్రంథాలను నెత్తిన పెట్టుకున్నాడు. కాని తన దేశం తక్కువదన్న మాటను మాత్రం వారి నోటి నుంచి వచ్చినా అంగీకరించలేదు. పరాయి దేశపు చదువును మెచ్చుకోవడానికి సొంత ఊరిని చిన్నబుచ్చుకోనక్కర లేదని ఆయన ప్రవర్తన చూపింది.

8. ఇంటికి చేరాక

తిరుగు ప్రయాణంలో సింధు నది దాటుతుండగా పడవ అలల్లో చిక్కి, 50 గ్రంథాలూ, భారతదేశపు పూల విత్తనాలూ నీటిపాలయ్యాయి. 645లో చాంగాన్ నగరం చేరినప్పుడు ఆయన వెంట 657 గ్రంథాలు ఉన్నాయి. తాంగ్ చక్రవర్తి తైజాంగ్ అనుమతి లేకుండా వెళ్లిన నేరాన్ని పట్టించుకోలేదు. సన్యాసం వదిలి ప్రభుత్వంలో చేరమని అడిగాడు. ఆయన వద్దని, అనువాదానికి సౌకర్యాలు మాత్రం కోరుకున్నాడు. 664లో మరణించే వరకు 75 గ్రంథాలను, 1,335 చుట్టలుగా అనువదించాడు. యోగాచారభూమిశాస్త్రం అందులో ఒక్కటే 100 చుట్టలు.

ఆయన చదువు చాంగాన్‌లో ముగియలేదు. 652లో బోధగయ నుంచి ప్రజ్ఞాదేవుడనే ఆచార్యుడు ఒక భిక్షువు చేత ఆయనకు లేఖనూ, రెండు తాన్ల తెల్లని నూలు బట్టనూ పంపాడు. ఆ ప్రజ్ఞాదేవుడు ఒకప్పుడు ఆయనతో వాదంలో తలపడినవాడు. 654లో హుయాన్ త్సాంగ్ జవాబు రాశాడు. శీలభద్రుడు మరణించాడని తెలిసి ఎంతో దుఃఖించానన్నాడు. సింధు నదిలో పోయిన గ్రంథాల పేర్లు జాబితాగా రాసి, వీలైతే పంపమని అడిగాడు. హిమాలయాలకు అటూ ఇటూ ఉన్న సహాధ్యాయుల మధ్య ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి సంవత్సరాలు పట్టేది. అయినా రాసుకున్నారు.

9. ఆధారాన్ని ఎలా చదవాలి?

హుయాన్ త్సాంగ్ గురించి మనకు రెండు ముఖ్య ఆధారాలు ఉన్నాయి. మొదటిది 646లో పూర్తయిన ఆయన యాత్రా గ్రంథం. దాన్ని చక్రవర్తి అడిగినందుకు, శిష్యుడు బియాంజీ సాయంతో సిద్ధం చేశాడు. పడమటి రాజ్యాల సమాచారం చక్రవర్తికి కావాలి. అందుకే ప్రతి రాజ్యం విస్తీర్ణం, పంటలు, ప్రజల స్వభావం ఒక పట్టికలా కనిపిస్తాయి. రెండవది హుయిలీ మొదలుపెట్టగా యాన్‌త్సోంగ్ 688లో పూర్తి చేసిన జీవితచరిత్ర. గురువు మీద భక్తితో రాసింది. బోధివృక్షం ముందు కన్నీళ్లు, నలందాలో వాదం, ఉత్తరాలు ఇందులోనివే. చైనాను సమర్థిస్తూ చేసిన ప్రసంగం చైనా పాఠకుల కోసం రాసిన పుస్తకంలో ఉందని మరచిపోకూడదు.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. నలందాలో 10,000 మంది ఉండేవారని జీవితచరిత్ర చెబుతుంది. 671లో సముద్రమార్గాన బయలుదేరిన ఇత్సింగ్ కూడా నలందాలోనే సుమారు పదేళ్లు చదివాడు. ఆయన లెక్కలో 3,000కు పైగా మాత్రమే. తవ్వకాల్లో బయటపడిన విహారాల గదులను పరిశీలించిన చరిత్రకారులు కూడా 10,000 సంఖ్యను సందేహిస్తారు. గ్రామాల సంఖ్య విషయంలో మాత్రం ఇత్సింగ్ లెక్కే పెద్దది. ఆయన 200కు పైగా అన్నాడు. ఒకే విద్యాలయంలో చదివిన ఇద్దరి లెక్కలు ఇంత భిన్నంగా ఉన్నప్పుడు ఒకదాన్ని మాత్రమే పట్టుకొని పరీక్షలో రాయడం చరిత్ర అనిపించుకోదు. రెండింటినీ రాసి, తేడాకు కారణం ఆలోచించాలి.

10. సారాంశం

హుయాన్ త్సాంగ్ సందేహంతో బయలుదేరి, మూలగ్రంథాలతో తిరిగి వెళ్లిన విద్యార్థి. పంచవిద్యలు, నలందా పాఠాలు, ద్వారం దగ్గరి పరీక్ష, ఆంధ్రదేశపు భాష, ధాన్యకటకపు విహారాలు ఆయన ద్వారా మనకు తెలిశాయి. ఆయన రచనలో చదువు పట్ల గౌరవం ఉంది, పరాయి గురువుల పట్ల కృతజ్ఞత ఉంది, సొంత దేశం పట్ల ఆత్మగౌరవం ఉంది. చదువుకు దూరంగా ఉంచబడిన వారి గురించిన ప్రశ్న మాత్రం లేదు.

ఆ ప్రశ్న అడగడం మన వంతు. 1982లో హైదరాబాద్‌లో ప్రారంభమైన దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంతకుముందు బడి చదువు పూర్తి చేయని వారికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేరే దారి తెరిచింది. నలందా ద్వారం దగ్గరి ప్రశ్న ఎక్కువమందిని వెనక్కి పంపడానికి ఉపయోగపడింది. ఈ అర్హత పరీక్ష బయట ఉండిపోయిన వారిని లోపలికి పిలవడానికి పెట్టింది. పొలం పనో, దుకాణం పనో, ఇంటి పనో ముగించుకొని రాత్రి ఈ పుస్తకం తెరిచిన మీరు ఈ తేడాను ఏ యాత్రికుని కన్నా బాగా అర్థం చేసుకోగలరు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. హుయాన్ త్సాంగ్ వర్ణించిన భారతీయ విద్యావిధానాన్ని వివరించి, ఆయన దృష్టికి ఉన్న పరిమితులను చర్చించండి.
2. యాత్రా గ్రంథం, జీవితచరిత్ర అనే రెండు ఆధారాల స్వభావాన్ని పోల్చి రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. ధాన్యకటకంలో హుయాన్ త్సాంగ్ చదువు
2. నలందా పోషణ వ్యవస్థ
3. నలందా జనసంఖ్యపై హుయిలీ, ఇత్సింగ్ లెక్కల మధ్య తేడా

III. మీ ఊరి నుంచి చదువు కోసం వేరే రాష్ట్రానికో, వేరే దేశానికో వెళ్లి వచ్చిన ఒకరితో మాట్లాడండి. అక్కడ వారు మెచ్చుకున్నవి, గమనించకుండా వదిలేసినవి ఏమిటో అడిగి ఒక పుటలో రాయండి.